అడగని బేరం

మా ఇంట్లో 'కొనండి' అనే మాట లేదు. ఎవరి ముందూ ఆ మాట అనకుండానే, చదువు ముగిసిన మరుసటి ఏడాది, మూడు నెలల్లో పన్నెండు మిషన్లు అమ్మాను. ఆ తర్వాత అదే అంగడిలో పద్నాలుగేళ్ళు పనిచేశాను. ఆ పద్నాలుగేళ్ళూ ప్రతి బేరాన్నీ ఆ మాటతోనే మొదలుపెట్టాను. ఇప్పుడు రాస్తున్నది ఆ మాట అనకుండా అమ్మిన మూడు నెలల సంగతి.

మా ఊరు పెనుకొండకూ రామగిరికీ నడుమ ఉంది. మా తాత కాలంలో ఆ చుట్టుపక్కల నాలుగు ఊళ్ళ మెట్టపొలం మాది. అందులో కొంత కోర్టు వ్యాజ్యాలకు పోయింది. కొంత ఇనాముల రద్దులో పోయింది. మిగిలింది కరువుల్లో తిండికీ పశుగ్రాసానికీ పోయింది. నేను అనంతపురంలో బి.ఏ. పూర్తి చేసి వచ్చేసరికి, పాలికి ఇచ్చేంత పొలం కాదు గదా, సొంతంగా దున్నుకునేంత కూడా మిగలలేదు. భూములు పోయాయి గాని, మమ్మల్ని చూస్తే లేచి నిలబడే అలవాటు మాత్రం ఆ ఊళ్ళకు పోలేదు. దారిలో నాయన ఎదురైతే మంచం మీదివాళ్ళు దిగేవాళ్ళు. బీడీ కాలుస్తున్నవాళ్ళు చెయ్యి వెనక్కి పెట్టుకునేవాళ్ళు. మాకు మిగిలిన ఆస్తి అదేనని నేను అనుకునేవాణ్ణి. అలా అనుకున్నందుకు ఇప్పటికీ పూర్తిగా సిగ్గుపడలేను.

పందొమ్మిది వందల అరవై దాటిన తొలి ఏళ్ళు అవి. బి.ఏ. అనేది ఇంటి గోడకు తగిలించే పటంగా మారుతున్న రోజులు. పెనుకొండ తాలూకా ఆఫీసులో ఒక తాత్కాలిక గుమాస్తా పని ఉందంటే పోయాను. వరండాలో పొడుగు బల్ల మీద మూడు తాలూకాల పట్టభద్రులు కూర్చుని ఉన్నారు. బల్ల మీద చోటు ఉన్నా నేను కూర్చోలేదు, స్తంభం పక్కన నిలబడ్డాను. హెడ్ గుమాస్తా నా కాగితాలు తిప్పి చూసి, "ఎవరి తాలూకు?" అని అడిగాడు. ఎవరు చెబితే వచ్చావని దాని అర్థం.

"ఎవరి తాలూకూ కాదు," అన్నాను.

"అట్లయితే ఎండలో ఎందుకప్పా వచ్చినావు?" అన్నాడు. బల్ల మీదివాళ్ళు నవ్వారు. ఆ పని వాళ్ళల్లో కూడా ఎవరికీ రాలేదు.

ఆ ఆఫీసులో పై అధికారి ఒకప్పుడు మా ఇంట భోంచేసినవాడే. నాయన ఒక చీటీ రాస్తే సరిపోయేది. రాయలేదు. "అడిగి తెచ్చుకునేది ఉద్యోగం కాదు," అన్నాడు. నాకూ అదే సరి అనిపించింది.

ఏడాది తిరగబోతుండగా హిందూపురం నుంచి కబురొచ్చింది. అక్కడ ఇనుప సామాను అమ్మే ఒక సావుకారు, వేరుశనగ కాయలు వలిచే చేతి మిషనుకు ఏజెన్సీ తీసుకున్నాడు. మిషనుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం చదివి కంపెనీకి ఉత్తరాలు రాసేవాడు ఆయనకు కావాలి. వాడు పల్లెల్లో నలుగురికీ తెలిసినవాడై ఉండాలి. నేను పోయేసరికి ఆయన బెల్లం మండీ ఎదుట అంగడిలో, మోకుల చుట్టల మధ్య కూర్చుని ఉన్నాడు. లేవలేదు. అది నేను గమనించాను. నేను గమనించినట్టు ఆయనా గమనించాడు.

"ఏమప్పా, మీ ఇంటి పేరు చెప్తే పల్లెల్లో కుక్క గూడా మొరగదంట గదా! నాకు అది చాలు. బి.ఏ. గీ.ఏ. పైన ఉప్పు చల్లినట్ల."

షరతు ఒకటే చెప్పాడు. "పన్నెండు మిషన్లు, వానలు పడేలోగా. పన్నెండు అమ్మితివా, ఖాయం చేసి నెల జీతం ఇస్తా. పదకొండు అమ్మితివా, మీ నాయనకు నమస్కారం చెప్పి పంపిస్తా."

మిషను చూపించాడు. కొయ్య చట్రం, లోపల గుండ్రంగా వంచిన ఇనుప జల్లెడ, పైన పొడుగు పిడి. కాయలు పోసి పిడిని ముందుకూ వెనక్కూ ఊపితే జల్లెడకు రాసుకుని పొట్టు పగిలి, గింజలు కిందికి రాలుతాయి. పదిమంది ఆడవాళ్ళు పొద్దంతా కూర్చుని వలిచే కాయను ఒక మనిషి ఒక పూటలో వలవవచ్చు. నేను ఊపాను. బాగుంది. సావుకారు కింద రాలిన గింజలు గుప్పెడు తీసి అరచేతిలో పరిచాడు. కొన్నిటికి ఎర్రపొర లేచిపోయింది, కొన్ని రెండు బద్దలయ్యాయి.

"చూడు. ఇది మిల్లుకు పోయే కాయకే. విత్తనానికి పనికిరాదు. పొర లేచిన గింజ మొలవదు. అడిగినోనికి చెప్పు."

"అడగనివాడికి?"

"అడగనోనికి చెప్పే అంగడి ఈ హిందూపురంలో యాడన్నా ఉంటే నాకూ చూపించు, చూసొస్తా."

నేను విన్నాను. విన్నానని ఇక్కడ స్పష్టంగా రాయాలి. కాని ఆ మాట బరువు నాకు తెలియలేదు. మా ఇంట్లో విత్తనం అంటే ఆడవాళ్ళు వలిచి, ఏరి, గంపలకెత్తి తెచ్చి పెట్టేది. వలిచేటప్పుడు నేను ఎన్నడూ పక్కన కూర్చోలేదు. చేతితో వలిచిన గింజకూ ఇనుము వలిచిన గింజకూ తేడా నాకు పుస్తకంలో వాక్యం లాంటిదే.

ఇంటికి వచ్చి చెప్పాను. నాయన అంతా విన్నాడు. తర్వాత అన్నాడు: "మనోళ్ళు ఇచ్చినారు, తీసుకున్నారు. ఎవరినీ అడిగింది ల్యా. చూపించు. ఎట్ల పనిచేస్తాదో చెప్పు. కొనండి అనే మాట మాత్రం నోట రాకూడదు. ఆ పైన వాళ్ళ ఇష్టం."

అది గౌరవంగా బతికే మార్గమని ఆయన నమ్మాడు. నేనూ నమ్మాను.

మొదట గుడిబండ వైపు పోయాను. మిషన్ను బస్సు పైకెక్కించడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. కండక్టరు నా తెల్ల చొక్కానూ దాన్నీ మార్చి మార్చి చూసి, "ఏం సార్, పెళ్ళికూతుర్ని పైన కూర్చోబెట్టి మీరు కింద కూర్చుంటే ఎట్ల?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

గుడిబండ పల్లెల్లో మా ఇంటి పేరు ఎవరికీ తెలియదు. పదిహేను రోజులు తిరిగాను. రచ్చకట్ట ముందర మిషను దించి, కాయలు పోసి, పిడి ఊపి, దాని సంగతి చెప్పి, మాట ఆపి నిలబడేవాణ్ణి. జనం చూసేవాళ్ళు. పిడి తామూ ఊపేవాళ్ళు. ఒక ముసలాయన సగం కన్నడంలో "దుడ్లు ఎంత?" అని అడిగి, చెప్పగానే, "విత్తనాలకు ఆగుతాదా?" అన్నాడు. పనికిరాదన్నాను. అబద్ధం ఆడే వంశం కాదు మాది. ఆయన తల ఊపి మేకల వెంట పోయాడు. మిగతావాళ్ళూ పోయారు. ఒక్క మిషనూ అమ్ముడుపోలేదు. ఆ వైపు మనుషులు వెనుకబడినవాళ్ళని సావుకారుతో చెప్పాను.

ఆ తర్వాత అంగడి పని మీద అనంతపురం పోయి వస్తూ ధర్మవరం స్టేషనులో బండి మారాల్సి వచ్చింది. ప్లాట్‌ఫారం మీద నాతో బి.ఏ. చదివిన ఒకడు కనిపించాడు. నేతపనివాళ్ళ ఇంటి పిల్లవాడు. పట్టుచీరల మూట చంకన పెట్టుకుని బళ్ళారి వైపు పోతున్నాడు. వాడికీ ఉద్యోగం దొరకలేదు. ఇంటింటికీ చీరలు తిప్పుతున్నాడు. టీ ఇప్పించి నా సంగతి విన్నాడు.

"చూపించి ఊరికే నిలబడితే ఎవురు కొంటారు బా? నోరు తెరిచి అడుగు. కొనక్కా అను. వద్దంటాది. ఇంకో ఇంటికి పో. నేను దినానికి ముప్పై వద్దులు వింటాండా. వద్దు అనేది తిట్టు కాదు."

"మా ఇంట్లో అడిగే అలవాటు లేదు," అన్నాను.

వాడు గ్లాసు కిందపెట్టి నన్ను చూశాడు. "అయితే నీకు వద్దు అనేదానికి ఎవురికీ ధైర్యం ఉండదులే," అన్నాడు. పొగడ్త అనుకున్నాను. నవ్వాను కూడా.

ఆ తర్వాత మా వైపు ఊళ్ళకు పోయాను. ఒకప్పుడు మా పొలాలు చేసిన ఊళ్ళు. అక్కడ మిషను బండి మీంచి దిగేలోపే జనం లేచి నిలబడ్డారు. నాకు మంచం వేశారు, మజ్జిగ తెచ్చారు. నేను పిడి ఊపి, దాని పని చెప్పి, మాట ఆపాను. ఎవరూ ఏమీ అడగలేదు. నేను కదలకుండా నిలబడ్డాను. కొంతసేపటికి వాళ్ళలో పెద్దవాడు తల గోక్కుని, మిగతావాళ్ళ ముఖాలు చూసి, "అట్లే సామీ," అన్నాడు.

నేను పుస్తకం తీసి పేరు రాసుకున్నాను. బయానా తీసుకున్నాను.

అలా ఒకటి తర్వాత ఒకటి. మాట ఆపడం ఎంతసేపు ఆపాలో కూడా నాకు అలవాటైంది. సావుకారుకు నమ్మకం కలగలేదు. "ఏం చెప్తాండావప్పా వాళ్ళకు?" అని అడిగాడు. ఏమీ చెప్పనన్నాను. "చెప్పకుండా అమ్మేటోన్ని నిన్నే చూస్తాండా," అన్నాడు. ఆ పూట అంగడిలో నాకు కుర్చీ తెప్పించాడు.

వైశాఖం ముగిసేసరికి పదకొండు అయ్యాయి. ఆకాశం తూర్పున నల్లబడుతోంది. ఒక్క మంచి వాన పడితే అందరూ విత్తుకు పోతారు, మిషను వంక ఎవరూ చూడరు. పదకొండు దగ్గర ఆగితే నేను మళ్ళీ పెనుకొండ వరండాలో స్తంభం పక్కన నిలబడాలి. పన్నెండోది ఎక్కడ అమ్మాలో రెండు రోజులు ఆలోచించాను. నిజానికి ఆలోచన అక్కర్లేదు. ఎక్కడికి పోవాలో నాకు మొదటి రోజే తెలుసు. పోవడానికి ఇష్టం లేక ఆగాను.

మా పాత పాలికాపు ఒకడు మా ఊరికి రెండు మైళ్ళలో ఉన్నాడు. నా చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకుని దేవుడి పరసకు తీసుకుపోయినవాడు. మా భూములు పోయినప్పుడు ఆ పొలంలో నాలుగెకరాలు అతనికి పట్టా వచ్చింది. ఆ పట్టా కాగితం తెచ్చి నాయన కాళ్ళ దగ్గర పెట్టి, ఏడ్చి, మళ్ళీ తీసుకుపోయాడు. ఆ నాలుగెకరాలూ కొన్ని గొర్రెలూ తప్ప అతనికి ఇంకేమీ లేదు. నాలుగెకరాలవాడికి కాయలు వలిచే మిషను దేనికి? ఆ ప్రశ్న నాకు తట్టింది. తట్టలేదని రాయను.

పోయేసరికి అతని పెళ్ళాం వాకిట్లో చాప మీద విత్తనం కాయలు వలుస్తోంది. కాయను బొటనవేలితో నొక్కి, పగలగొట్టి, గింజను మెత్తగా పక్కకు దొర్లిస్తోంది. నన్ను చూసి లేచి కొంగు సర్దుకుంది. అతను దొడ్లోంచి పరుగున వచ్చాడు. "చిన్నసామి వచ్చినారు! ఏమే, నీళ్ళు తే. సామీ, మీరు పని చేస్తాండారని విని మీ కోసరం దేవునికి మొక్కుకున్యా. ఖాయమవుతాదా సామీ?"

"ఇంకొకటి అమ్మితే అవుతుంది," అన్నాను. అన్న తర్వాత ఆ మాట ఎందుకన్నానా అనుకున్నాను. అది అడగడం కాదని నాకు నేను చెప్పుకున్నాను.

మిషను దించి, చాప మీది కాయల్లోంచే కొన్ని పోసి ఊపాను. గింజలు రాలాయి. ఆమె వంగి ఒక గింజ తీసుకుని వేళ్ళ మధ్య దొర్లించింది. ఎర్రపొర ఊడి ఆమె వేలికి అంటుకుంది. నా వైపు చూడలేదు. మొగుడితో, చిన్న గొంతుతో అంది: "పొర లేస్తాండాదే..."

"నువ్వు ఊరుకో. సామి ఉండారు," అన్నాడతను.

ఆమె ఊరుకుంది. నేను విన్నాను. ఆమె నన్ను అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి. గుడిబండలో ముసలాయనకు చెప్పినట్టే చెప్పేవాణ్ణి. ఇది ఎన్నోసార్లు నాతో నేను వాదించుకున్నాను, ఆ పూటా, ఆ తర్వాతా. ఆమె మాట్లాడింది మొగుడితో. నాతో కాదు.

నేను మాట ఆపి నిలబడ్డాను.

అతను మిషన్ను చూశాడు. నన్ను చూశాడు. దొడ్లో గొర్రెలు అరిచాయి. "అట్లే సామీ," అన్నాడు. "మీ చేతి మిషను మా ఇంట్లో ఉంటే మాకూ పేరే గదా."

ఎనిమిది రోజులకు మిషను అతని ఇంటికి చేరింది. రెండు పొట్టేళ్ళను పెనుకొండ సంతకు తోలాడని తర్వాత తెలిసింది.

మంచి వాన పడింది. అందరూ విత్తారు. సావుకారు మాట తప్పే మనిషి కాదు. ఉత్తరం టైపు చేయించి, కవరులో పెట్టి, రెండు చేతులతో ఇచ్చాడు. ఉద్యోగం ఖాయం. నాయన దాన్ని చదివి, మడిచి, మళ్ళీ నాకే ఇచ్చాడు. "అడిగినావా?" అన్నాడు. లేదన్నాను. ఆ రోజు ఆయన నాతో కలిసి కూర్చుని అన్నం తిన్నాడు.

నా కోసం మొక్కుకున్న మనిషికి ఉత్తరం చూపించాలని, విత్తు వేసిన ఇరవై రోజులకు ఆ ఊరు పోయాను. కవరు జేబులో ఉంది. దారి అతని పొలం పక్కగానే పోతుంది. చుట్టూ అందరి చేలలో మొక్క వరసలు కట్టి ఉంది. అతని చేను దగ్గరికి వచ్చేసరికి వరసలు తెగిపోయాయి. ఇక్కడొకటి, అక్కడొకటి. నడుమంతా ఎర్రమట్టి. గట్టు మీద నిలబడి వంగి వేలితో మట్టి తవ్వి చూశాను. గింజ దొరికింది. రెండు బద్దలుగా కుళ్ళి, నల్లగా ఉంది. ఆ పక్కన ఇంకొకటి తవ్వాను. అదీ అంతే. ఇంకా తవ్వలేదు.

వాకిట్లో ఆమే, పక్కిళ్ళ ఆడవాళ్ళు నలుగురూ చాపల మీద కాయలు వలుస్తున్నారు. నేల పదును పూర్తిగా ఆరకముందే సందుల్లో మళ్ళీ విత్తుకోవాలని ఎవరి దగ్గరో కాయ చేబదులుగా తెచ్చారు. అతనూ వాళ్ళతో కూర్చుని వలుస్తున్నాడు. మిషను చూరు కింద గోనెపట్ట కప్పుకుని ఉంది. దాని మీద కోడి కూర్చుంది.

నన్ను చూడగానే అందరూ లేచారు. అతను పరుగున మంచం తెచ్చాడు. "ఖాయమాయనా సామీ?"

తల ఊపాను. "దేవుడు విన్యాడు," అని నవ్వాడు. ఆ నవ్వులో ఇంకేదీ లేదు. ఏదైనా ఉంటే నాకు తేలికగా ఉండేది.

"చేను చూశాను," అన్నాను.

"వాన సరిగా పడల్యా సామీ," అన్నాడు. పక్క చేలన్నీ పచ్చగా ఉన్నాయి.

"మిషను వల్ల. విత్తనానికి అది పనికిరాదు. నాకు ముందే తెలుసు. దాన్ని వాపసు తీసుకుపోతాను. మీ డబ్బు మీకిప్పిస్తాను."

"అయ్యో, ఉండనీ సామీ. మీరు తెచ్చినదాన్ని మూలన పెట్టకూడదని మేమే విత్తనమంతా దాంట్లో ఊపితిమి. చిన్నసామి తెచ్చింది వాపసు పంపిస్తారా ఎవరన్నా? నలుగురు ఏమనుకుంటారు?"

నేను ఆమె వైపు తిరిగాను. "ఆ రోజు నువ్వు చూశావు. పొర లేస్తోందన్నావు. కొంటామని ఒప్పుకోకుండా ఉండవలసింది," అన్నాను. నా గొంతులో కోపం ఉంది. అది ఎవరి మీదో అప్పుడు నాకు తెలియదు.

మొగుడు సైగ చేస్తున్నా ఆమె ఈసారి ఆగలేదు. గట్టిగా కూడా అనలేదు. "మీరు అడిగింటే లేదని చెప్పిందుము సామీ. మీరు అడగల్యా. వచ్చి, చూపిచ్చి, నిలబడితిరి. నిలబడినోళ్ళకు లేదని ఎట్ల చెప్పేది?"

ధర్మవరం స్టేషనులో వాడు అన్న మాట అప్పుడు అర్థమైంది. నాయన నోట రానివ్వని ఆ ఒక్క మాటలోనే వాళ్ళకు వద్దనే దారి ఉంది. అడిగినవాడికి లేదని చెప్పవచ్చు. మా తాతలు ఎవరినీ అడగలేదు. అందుకే ఎవరూ వాళ్ళకు లేదని చెప్పలేదు.

మంచం మీంచి దిగి, చాప అంచున నేల మీద కూర్చుని, కాయ ఒకటి తీసుకుని బొటనవేలితో నొక్కాను. పగలలేదు. రెండు చేతులతో నొక్కితే పగిలి, గింజ చితికింది. ఇంకొకటి తీసుకున్నాను.

తల ఎత్తి చూస్తే ఒక్కరూ కూర్చుని లేరు. నేను నేల మీద ఉండగా వాళ్ళు ఎలా కూర్చుంటారు? ఆడవాళ్ళు చాపలు వదిలి గోడ దగ్గర నిలబడ్డారు. అతను చేతులు కట్టుకుని, చిన్నబోయిన ముఖంతో, "సామీ, లేయండి సామీ, మాకు పాపం చుట్టుకుంటాది," అంటున్నాడు. వలవవలసిన కాయ కుప్పగా చాప మీద పడి ఉంది. పొద్దు తిరుగుతోంది. పదును ఆరుతోంది.

నేను కూర్చున్నంతసేపూ ఒక్క కాయనూ ఎవరూ వలవరు.

లేచాను. చితికిన గింజ ఎక్కడ పెట్టాలో తెలియక గుప్పిట్లోనే ఉంచుకుని వాకిలి దాటాను. అతను ఊరి బయటి దాకా వస్తానంటే వద్దన్నాను. కలబంద కంచె మలుపు తిరిగాక, సందులోంచి వెనక్కి చూశాను. ఒక్కొక్కరే కూర్చుంటున్నారు.